చప్పుడు మింగే గుడ్డ

మా ఆయన లెక్కలో నేను పొగరుబోతుని. వెనక నుంచి పిలిస్తే పలకను, పక్కగదిలోంచి అడిగితే జవాబు చెప్పను, ఆయన మాట మధ్యలో ఉండగానే గిన్నెలు తోముకోడానికి వెళ్ళిపోతాను. "మా ఆవిడకి ఇష్టమైతేనే వినబడుతుందండీ" అని చుట్టాలందరి దగ్గరా వాపోయేవాడు. పన్నెండేళ్ళు ఆ పేరు మోశాను. కాదని ఒక్కనాడూ అనలేదు. పొగరుబోతు అంటే పోయేదేముంది, నలుగురూ మూతి తిప్పుకుంటారు, అంతే. చెవిటిది అంటే మాత్రం ఉద్యోగం పోతుంది. ఆయన రంగులేసే పనిలో నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఇంట్లో పొయ్యి వెలిగేదీ, మా అమ్మాయి నర్సు చదువు నడిచేదీ నా ఉద్యోగం మీదే.

నిజమేమిటంటే నాకు వినబడదు. ఎడం చెవి పూర్తిగా చచ్చిపోయింది. కుడిచెవిలో రోజంతా ఈగ తిరుగుతున్నట్టు ఒక మోత. ఈ సంగతి భూమ్మీద ఒక్క మనిషికే తెలుసు. ఆవిడ మా వదిన, మా అన్నయ్య భార్య. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు గానీ మా ఇద్దరి మధ్యా అది తిరగబడింది. నన్ను మిల్లులో చేర్పించిందీ ఆవిడే, నేత నేర్పిందీ ఆవిడే, తప్పు చేస్తే నెత్తిన మొట్టిందీ ఆవిడే.

మిల్లంటే తొంభై ఆరు మగ్గాల షెడ్డు. అన్నీ పాతకాలం మరమగ్గాలు. పొట్టలో దారం కండె పెట్టుకున్న చెక్క నాడె ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆ చివర్నుంచి ఈ చివరికి నిమిషానికి నూట అరవై సార్లు కొట్టుకునేది. తొంభై ఆరు నాడెలు, ఒక్కోటీ నూట అరవై దెబ్బలు. మొత్తం ఎన్నో మీరే వేసుకోండి, నాకు తలనొప్పి. పక్కన పిడుగు పడితే "ఏమిటా వెలుగు?" అనుకోవాలే తప్ప చప్పుడు తెలిసేది కాదు. అందుకే ప్రతి మగ్గం నెత్తినా ఒక ఎర్ర బల్బు పెట్టారు. నిలువునా పరిచిన పడుగులో ఒక్క దారం తెగితే చాలు, మగ్గం ఆగిపోయి బల్బు వెలుగుతుంది. మనిషికి ఆరు మగ్గాలు, ఆరు బల్బులు. నేను చేరిన రోజే వదిన నా గడ్డం పట్టుకుని, "దీపం వెలిగిందా, కాలు కదలాలి. ఆలోచించడాలు తర్వాత" అని చెప్పింది. ఇరవై ఆరేళ్ళు అలాగే కదిలాం. ఇంట్లో కరెంటు పోయి వచ్చినా నా కాలు ఉలిక్కిపడేది.

మాట్లాడుకోడానికి మాకు షెడ్డు మాట ఉండేది. దానికి గొంతుతో పని లేదు. పెదాలు బాగా సాగదీసి పలుకుతాం, చేత్తో కాస్త సాయం చేస్తాం, నలభై అడుగుల అవతల ఉన్న మనిషి చూసి చదువుకుంటుంది. మొగుళ్ళ మీద ఫిర్యాదులు, పిల్లల మార్కులు, ఎవరి కన్ను ఎవరి మీద ఉంది, అన్నీ మగ్గాల మీదుగా అటూ ఇటూ పోయేవి. ఆఫీసు గదికి అద్దాల గోడ ఉండేది. ఓనరుగారు ఆ గదిలో తలుపేసుకుని ఎవరితో ఏం మాట్లాడినా మధ్యాహ్నానికి షెడ్డంతా తెలిసిపోయేది. ఎవరో మోస్తున్నారనుకుని ఆయన ముగ్గురు గుమాస్తాలని మార్చాడు పాపం. గోడలకి చెవులుంటాయని భయపడ్డాడే గానీ, అద్దం అవతల నుంచి మేం చదివేస్తున్నామని ఆయనకి చచ్చినా తట్టలేదు.

అలాంటి చోట చెవులు పోతే ఎవరికి తెలుస్తుంది? నాకే తెలియలేదు. ఒక ఆదివారం పంపు కట్టెయ్యడం మర్చిపోయి వంటింట్లో కూరగాయలు తరుగుతున్నాను. నీళ్ళు వచ్చి నా పాదాలకి తగిలాయి. పంపు నాకు మూడడుగుల దూరంలో ఉంది. ధారగా పడుతోంది. చూస్తున్నాను, వినబడటం లేదు. ఆ సాయంత్రమే వెళ్ళి వదిన ఒక్కదానికే చెప్పాను.

ఇంతకీ మేం నేసేది ఏమిటో చెప్పలేదు కదూ. నవ్వకండి మరి. మేం నేసేది చప్పుడు మింగే గుడ్డ. రెండు పొరలుంటాయి. పైపొర, కిందిపొర ఒకే మగ్గం మీద ఒకేసారి నేస్తాం. నడుమ డొల్ల. అక్కడక్కడ ఒక దారం రెండు పొరల్నీ పట్టి ఉంచుతుంది. అడ్డంగా వేసే పేక దారం దూదిలా ఉబ్బి ఉంటుంది. ఆ డొల్లలోకి దూరిన చప్పుడు దారి తప్పి అక్కడే చస్తుంది. సినిమా హాళ్ళ గోడలకి, పాటలు రికార్డు చేసే గదులకి, పెద్ద పెద్ద ఆస్పత్రులకి మా గుడ్డే వెళ్ళేది. లోకంలో అందరి చెవులకీ సుఖం నేసిపెట్టాం. అందులో ఒక్క తాను మా షెడ్డు గోడకే కడదామని అన్నేళ్ళలో ఏ మహానుభావుడికీ తోచలేదు.

తోచినవాడు చివరికి ఒకడొచ్చాడు. ఓనరుగారి అల్లుడు. ఇంజనీరు. మంచివాడు, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేవాళ్ళం. మొదటిరోజు షెడ్డులో అడుగుపెట్టి, రెండు నిమిషాలకి చెవులు మూసుకుని ఆఫీసు గదిలోకి పారిపోయాడు. "ఈ మోతలో మనుషులెలా బతుకుతున్నారు మామయ్యగారూ, వీళ్ళ గతి ఏంకాను? చప్పుడు చెయ్యని మగ్గం నేనే చేస్తాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అద్దంలోంచి మేమంతా చదివాం. "అయ్యో, బంగారుతండ్రి" అంది వదిన పెదాలతోనే.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. నాలుగేళ్ళు వెనక గోడౌనులో చమురు మరకల చొక్కాతో కూర్చుని కొత్త మగ్గం కనిపెట్టాడు. దానికి నాడె లేదు. ఇటునుంచి ఒక సన్నటి ఇనుప చెయ్యి దారం పట్టుకుని సగందాకా వెళ్తుంది, అటునుంచి ఇంకో చెయ్యి వచ్చి అందుకుని పోతుంది. పళ్ళచక్రాలన్నీ నూనెలో మునిగి తిరుగుతాయి. ప్రతి కీలు కిందా మా గుడ్డే ముక్కలుగా కత్తిరించి పరిచాడు.

దాన్ని చూపించడానికి అందర్నీ పిలిచాడు. చుట్టూ నిలబడ్డాం. అయిదు నిమిషాలైంది. అల్లుడుగారు నవ్వుతూ మా మొహాల వంక చూస్తున్నాడు.

"మొదలెట్టండి బాబూ, అవతల పనులున్నాయి" అంది వదిన.

"నడుస్తోందమ్మా!" అన్నాడాయన, మురిసిపోతూ. వంగి చూస్తే నిజంగానే జానెడు గుడ్డ నేసేసి ఉంది.

"ఇక మీరంతా హాయిగా కబుర్లు చెప్పుకుంటూ పని చేసుకోవచ్చు" అని కూడా అన్నాడు. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మేం చెప్పుకునే కబుర్లలో సగం మేస్త్రీ గురించే. మేస్త్రీకి చెవులున్నాయి, చేరి రెండేళ్ళే అయింది మరి.

తర్వాత ఆయన మగ్గం నెత్తి చూపించాడు. అక్కడ బల్బు లేదు. "ఆ ఎర్ర దీపాలు కళ్ళకి ఎంత శ్రమో నాకు తెలుసు. తీసేశాను. దారం తెగితే ఇక ఇదే మిమ్మల్ని మెల్లగా పిలుస్తుంది" అని, కత్తెరతో పడుగులో ఒక దారం తెంపాడు. మగ్గం ఆగింది. కుర్ర పిల్లలంతా ఆహా అన్నట్టు తలలూపారు. నాకు ఆగిన మగ్గం కనబడింది, అంతే. వదిన వైపు తిరిగాను. "పిచ్చుక కూసినట్టు ఏదో అంటోందట. నాకూ వినబళ్ళేదే" అంది పెదాలతో. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటిదాకా ఆవిడ చెవులూ పోయాయని ఆవిడకీ తెలీదు.

నాలుగో రోజున గేటు దగ్గర కాగితం అంటించారు. కొత్త మగ్గాల మీద పనిచెయ్యాలంటే చెవుల పరీక్ష పాసవ్వాలి. కూత వినబడని వాళ్ళకి మగ్గం ఇవ్వలేం, వాళ్ళ క్షేమం కోసమే. కింద అల్లుడుగారి సంతకం. పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. ఏ మగ్గాలు మా చెవులు తిన్నాయో అవి పోతూ పోతూ ఇక చెవులుంటేనే పని అని చెప్పి పోతున్నాయి.

పరీక్ష స్టోరు గదిలో. తెల్లకోటు వేసుకున్న ఒక పిల్ల యంత్రం తెచ్చి పెట్టుకుంది. పక్కన బీరువాలాంటి గది, దానికో అద్దం. మనం లోపల కూర్చుని చెవులకి డొప్పలు తగిలించుకోవాలి. ఆ పిల్ల బయట కూర్చుని యంత్రంలోంచి కూతలు పంపుతుంది. వినబడినప్పుడల్లా మనం చేతిలో బొత్తాం నొక్కాలి. గోడవారగా ఒక బెంచీ, వంతు కోసం ఎదురుచూసే వాళ్ళకి.

"ముందు నేను వెళ్ళి, ఎలా ఉంటుందో చూసొస్తా" అంది వదిన. ఎప్పుడూ అంతే, బావిలో నీళ్ళు ఎంత లోతో ముందు ఆవిడే దిగి చూడాలి. పావుగంట తర్వాత బయటికి వచ్చింది. తెల్లకోటు పిల్ల పెదాలు "అయ్యో, సారీ అమ్మా" అన్నాయి. వదిన తలూపి, ఇంటికి పోకుండా వచ్చి బెంచీ మీద కూర్చుంది. "కాళ్ళు పీకుతున్నాయమ్మా, కాసేపుండి వెళ్తాను" అని ఆ పిల్లకి చెప్పింది. నా వంతు వచ్చి నేను లేస్తుంటే, మొహం ఇటు తిప్పి షెడ్డు మాటలో అంది: "ఆ యంత్రానికి ఈవైపు ఎర్ర బల్బుంది. కూత పంపినప్పుడల్లా వెలుగుతోంది. నువ్వు నన్నే చూస్తూ కూర్చో."

లోపల కూర్చున్నాను. అద్దం అవతల తెల్లకోటు పిల్ల తన మరల మీదికి వంగి ఉంది. ఆ పిల్ల భుజం మీంచి వదిన కనబడుతోంది, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. బొటనవేలు కదిలింది. నొక్కాను. కదిలింది. నొక్కాను. ఇరవై నిమిషాలు వదిన బొటనవేలు తప్ప నాకు లోకం లేదు.

ఇక్కడే మా వదిన కొంప ముంచింది. మనిషన్నాక నాలుగు కూతలు వినబడకపోవడం సహజం. ఈ వయసులో అయితే నలభై వినబడకపోయినా ఎవరూ ఏమనుకోరు. ఆవిడ ఒక్కటి కూడా వదల్లేదు. తెల్లకోటు పిల్ల యంత్రాన్ని రెండుసార్లు తట్టి చూసుకుంది, డొప్పలు తన చెవులకి పెట్టుకుని చూసుకుంది, ఆఖరికి నన్ను బయటికి పిలిచి కుర్చీ వేసింది. "అమ్మా, ఇలాంటి చెవులు నేను పుట్టి ఎరగను. చివరి కూత పెడితే పదేళ్ళ పిల్లలకి కూడా వినబడదు" అంది.

బయటికి వచ్చాక వదినని పట్టుకున్నాను. "నాలుగైదు వదిలెయ్యొచ్చుగా, నీకేం పోయింది?"

"దీపం వెలిగితే ఎలా వదిలెయ్యనే?" అంది ఆవిడ, నేనేదో పాపం చెయ్యమన్నట్టు. తర్వాత నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ ఉద్యోగం పోయి గంటైంది, నాది నిలబెట్టి పది నిమిషాలైంది. గేటు దగ్గర ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుతూ నిలబడ్డాం.

మొత్తం పదిహేను మంది పరీక్ష తప్పారు. అల్లుడుగారు వాళ్ళని ఊరికే పంపలేదు, చెప్పానుగా మంచివాడని. ఒక్కొక్కరికీ శాలువా కప్పి, అలారం గడియారం బహుమతిగా ఇచ్చాడు. 

నా సంగతి అంటారా, రొట్టె విరిగి నేతిలో పడింది. పదేళ్ళ పిల్లల్ని మించిన చెవులున్న మనిషిని మగ్గం దగ్గర పెడితే వృథా కదా. నన్ను నిశ్శబ్దం గదిలో వేశారు. కొత్త తాను దిగగానే దాన్ని ఆ గది మధ్యలో తెరలా కడతారు. తెర అవతల పెట్టె ఒకటి రకరకాల చప్పుళ్ళు చేస్తుంది. తెర ఇవతల స్టూలు మీద నేను కూర్చుని, వినబడిందో లేదో కాగితం మీద రాయాలి. కొలిచే మీటర్లున్నాయి గానీ కొనేవాళ్ళు వాటిని నమ్మరట. మనిషి చెవి చెప్పాలట.

నేను అబద్ధం చెప్పలేదండీ. "వినబడలేదు" అని రాశాను. ప్రతి తానుకీ, ప్రతి కాగితం మీదా అదే రాశాను, ఒట్టు, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. కొన్న వాళ్ళంతా మా గుడ్డని మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. అల్లుడుగారు అవన్నీ తెచ్చి చదివి వినిపించేవాడు. నేను ఆయన పెదాలు చూస్తూ తలాడించేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదేనని నాకు నవ్వొచ్చేది. ఇంటికొచ్చాక మాత్రం ఏడుపొచ్చేది. చుట్టూ మనుషులు లేని గదిలో, చదవడానికి ఒక్క మొహం కూడా లేకుండా, రోజుకి ఎనిమిది గంటలు. ఆ షెడ్డు మోతలో నేనెప్పుడూ చెవిటిదాన్ని కాను. ఆ గదిలో అయ్యాను.

నాలుగు నెలలకి ఆ పదిహేను మందీ కార్మికుల అధికారి దగ్గర అర్జీ పెట్టుకున్నారు. అర్జీ రాయించింది వదినే. "మా చెవులు మీ షెడ్డులోనే పోయాయి. ఆ మాట ఒప్పుకోండి. దారం చుట్టే గదిలోనో, మూటలు కట్టే గదిలోనో మాకు పనివ్వండి. అక్కడ కూతలు వినక్కర్లేదు" అని, అంతే. గొంతెమ్మ కోరికలేం కాదు.

మిల్లు వాళ్ళ వకీలు జవాబు ఇంకా చిన్నది. వీళ్ళ చెవులు వయసు మీద పడి పోయాయి, మగ్గాల వల్ల కాదు. రుజువు కావాలంటే అదే షెడ్డులో, అదే వరసలో, ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మనిషి ఉంది. ఆవిడ చెవుల సర్టిఫికెట్టు ఇదిగో.

ఆవిడెవరో చెప్పక్కర్లేదు కదా.

అల్లుడుగారే నిశ్శబ్దం గదికి వచ్చి సాక్ష్యానికి రమ్మని చెప్పాడు. "నిజం చెబితే చాలమ్మా. మీకు బాగా వినబడుతుందని ఒక్క మాట." ఆయన నిజంగానే అది నిజమనుకుంటున్నాడు. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది. రానంటే ఎందుకు రావంటారు. ఎందుకంటే చెప్పాలి. చెబితే పదహారో అలారం గడియారం మా ఇంటికొస్తుంది. చెప్పకపోతే వదిన నోట్లో నేనే మట్టి కొట్టినట్టు.

ఆ సాయంత్రం వదిన ఇంటికి వెళ్ళాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిరిగిన దుప్పటికి అతుకు వేస్తోంది. నా మొహం చూడగానే, "ఏం ఆడపడుచూ, సాక్ష్యానికి కొత్త చీర కట్టుకెళ్తావా, పాతదా?" అంది.

"వదినా, నన్ను చంపకు. నేనేం చెయ్యను?"

సూది పక్కన పెట్టింది. "వెళ్ళి వినబడుతుందని చెప్పు. పిల్ల చదువు ఇంకా రెండేళ్ళుంది. మీ అన్నయ్య సంపాదన నాకు చాలు. నీకెవరున్నారే?" అంది. మీ అన్నయ్య సంపాదన చాలట! మా అన్నయ్య సంపాదన మా అన్నయ్య టీ ఖర్చులకే చాలదు. తిట్టిపోసి ఉంటే ఎంతో బాగుండేది.

విచారణ రోజు వచ్చింది. పొడుగాటి గది, ఎత్తయిన బల్ల, బల్ల వెనక అధికారి. ఆయనకి పైపెదవి మొత్తం కప్పేసిన మీసాలు. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. మీసాలవాళ్ళు నాకు పుట్టు శత్రువులు. అదృష్టం బాగుండి ప్రశ్నలు వేసేది వకీలు, అతను నున్నగా గీసుకొచ్చాడు. ఎడంపక్క బెంచీల మీద ఆ పదిహేను మంది. కుడిపక్క అల్లుడుగారు, నన్ను చూసి ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు.

"ఎన్నేళ్ళుగా పనిచేస్తున్నారమ్మా?" అన్నాడు వకీలు.

"ఇరవై ఆరు."

"ఏ షెడ్డులో?"

"అందరూ ఉన్న షెడ్డులోనే. ఉన్నదే ఒకటి."

"వీళ్ళలో మీ పక్క మగ్గం ఎవరిది?"

"మా వదినది. అదిగో, ఆవిడ."

"అంటే ఆవిడ చెవిలో పడిన మోతే మీ చెవిలోనూ పడింది. మరి మీకు బాగా వినబడుతుంది కదా?"

బెంచీ వైపు చూశాను. వదిన పెదాలు కదిలాయి, చప్పుడు లేకుండా, బాగా సాగదీసి, మగ్గాల మీదుగా మాట్లాడినట్టే. "చెప్పెయ్యవే. వినబడుతుందని చెప్పి ఇంటికి పో."

ఆ మాట చదవగలిగింది నేనొక్కదాన్నే కాదు. ఆ బెంచీల మీద ఉన్నవాళ్ళంతా మా షెడ్డు మనుషులే. పధ్నాలుగు మందీ ఆవిడ పెదాలు చదివారు. నా ఒక్క మాటతో వాళ్ళ అర్జీ చెత్తబుట్టలో పడుతుందని అందరికీ తెలుసు. ఒక్కరు, ఒక్కరైనా, వద్దని తలూపుతారేమోనని చూశాను. ఎవరూ ఊపలేదు. చివర కూర్చున్న ముసలావిడ అయితే, కానివ్వు అన్నట్టు కళ్ళు మూసి తెరిచింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలీదు. వాళ్ళ మంచితనం మీద కావచ్చు, నా మీద కావచ్చు.

"నాకు వినబడదండీ" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకెలా తెలుస్తుంది? వకీలు ఒకడుగు వెనక్కి వేశాడు.

తర్వాత వాడు నవ్వాడు. అధికారి వైపు తిరిగి ఏదో అని, నా వైపు తిరిగి అన్నాడు: "వినబడకపోతే ఇందాకటి నుంచి నా ప్రశ్నలన్నిటికీ జవాబులెలా చెప్పారమ్మా?"

"మీ పెదాలు చూసి."

"ఈ సర్టిఫికెట్టు?"

"అది మా వదిన పాసైన పరీక్ష. నేను బొత్తాం నొక్కానంతే."

గదంతా నవ్వారు, మిల్లు వైపు వాళ్ళు. చూడండి బంధుప్రీతి అన్నట్టు వకీలు చేతులు తిప్పాడు. నిజం చెబితే నిష్ఠూరమంటారు, నా నిజానికి నిష్ఠూరమైనా దక్కలేదు, నవ్వులు దక్కాయి. అల్లుడుగారి మొహం మాత్రం పాలిపోయింది. ఆయన పెదాలు "అలా ఎందుకు చెబుతున్నారమ్మా?" అన్నాయి. అధికారి మీసాల కింద ఏదో అన్నాడు, నాకు అందలేదు. పన్నెండేళ్ళు ఒక్కరికి అనుమానం రాకుండా దాచాను కదా, ఇప్పుడు నమ్మించడం నా తాతతరం కావడం లేదు. వాళ్ళు అడుగుతున్నంతసేపూ నేను చదివేస్తున్నాను, చదివినంతసేపూ జవాబు చెప్పేస్తున్నాను. నా నోరే నాకు శత్రువైంది.

అప్పుడు వెనక్కి తిరిగాను. అంతమంది పెద్దమనుషులకి వీపు చూపించి గోడవైపు నిలబడ్డాను. అక్కడ అద్దం లేదు, కిటికీ లేదు, వట్టి సున్నం గోడ. అదీ చాలదనిపించి కళ్ళు మూసుకున్నాను.

ఆ తర్వాత నా వెనక ఏం జరిగిందో నేను చెప్పలేను. నాకు తెలిసింది చెబుతాను. చీకటి. ఆ ఈగ మోత. నా గుండె కొట్టుకోవడం మెడ దగ్గర తెలుస్తోంది. నవ్వుతున్నారో, తిడుతున్నారో, లేచి వెళ్ళిపోయారో తెలీదు. ఇరవై ఆరేళ్ళలో అంత భయం నేనెరగను. కళ్ళు తెరిచి వెనక్కి చూడాలని ప్రాణం లాగేసింది. నేను చూస్తే అయిపోయింది, వదిన పని అయిపోయింది. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను.

ఎంతసేపో. భుజం మీద చెయ్యి పడింది. కెవ్వుమన్నానేమో కూడా.

తిరిగి చూస్తే అధికారి నా పక్కనే ఉన్నాడు, నా చెవికి జానెడు దూరంలో. ఆయన చేతిలో ఇత్తడి గంట ఉంది, గుమ్మం దగ్గర బంట్రోతు కొట్టే పెద్ద గంట. అది ఇంకా ఊగుతోంది. గదిలో అందరూ లేచి నిలబడి ఉన్నారు. ఒక్కరి మొహంలోనూ నవ్వు లేదు. అల్లుడుగారు రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని ఉన్నాడు. గంట ఆగినా తియ్యలేదు.

అధికారి బల్ల దగ్గరికి వెళ్ళి కలం తీశాడు. మీసాలు రెండు వేళ్ళతో పైకి ఎత్తి పట్టుకుని, నా పేరు అడిగాడు. చెప్పాను. పదిహేను పేర్ల కింద రాసుకున్నాడు.

నేను వదిన వైపు చూశాను. "ఎంతసేపు కొట్టాడు?" అని పెదాలతో అడిగాను. ఆవిడ ఏదో చెప్పింది. రెండుసార్లు చెప్పింది. ఏడుస్తుంటే మనిషి పెదాలు వణుకుతాయి. అప్పుడు చదవడం నా వల్ల కూడా కాదు.